చెంబు చేతికిస్తే చాలు

మా చెల్లె కూతురు మూడు పేజీల అర్జీ రాసుకుని మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చింది. "మామా, తెలుగు తప్పులుంటే దిద్దిపెట్టు. రేపు గ్రీవెన్స్‌ల ఇయ్యాలె" అంది. గ్రీవెన్స్ అంటే పింఛను రానివాళ్లు, నల్లా కనెక్షన్ లేనివాళ్లు, పక్కింటాయన గోడ జరిపాడనేవాళ్లు క్యూ కట్టే చోటు. హన్మకొండలో హాయిగా డిగ్రీ చదువుకునే పిల్లకు ఇంత కష్టం ఏమొచ్చిందా అని అద్దాలు పెట్టుకుని చదివాను.

"విషయం: ప్రముఖ గాయకుడు శ్రీ ఎడ్ షీరన్ గారు మరొకసారి భారతదేశం వచ్చిన పక్షంలో వారిని వరంగల్ నగరానికి ఆహ్వానించి, పౌర సన్మానం జరిపి, నగర తాళంచెవి బహూకరించుట గురించి."

"బహూకరించుట గురించి" దగ్గర నాకు నవ్వు ఆగలేదు. పిల్ల మొహం చిన్నబోయింది. 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో ఆయన కచేరీకి పోయి వచ్చిన రోజు నుంచి తన లోకమే వేరు. ఆ టికెట్ డబ్బుల్లో సగం నావే కాబట్టి ఈ పాపంలో నాకూ వాటా ఉంది.

నవ్వినందుకు శిక్షగా మూడు పేజీలూ శ్రద్ధగా చదివాను. రెండు పేజీల నిండా ఆయన బయోడేటా. అవార్డులు, ఎన్ని కోట్లమంది విన్నారు, 2017లో బ్రిటన్ రాణి హయాంలో వచ్చిన ఎంబీఈ బిరుదు, 2015లో యూనివర్సిటీ క్యాంపస్ సఫోక్ ఇచ్చిన గౌరవ డాక్టరేటు. మూడో పేజీలో బయటి ఊళ్ల ముచ్చట. అక్కడ కథానాయకుడు షీరన్ కాదు, అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్. 2023 మార్చిలో ఆమె టూర్ మొదలైన అరిజోనాలోని గ్లెండేల్ తాత్కాలికంగా "స్విఫ్ట్ సిటీ" అని పేరు మార్చుకుంది. టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ నగర తాళంచెవి ఇచ్చి, ఒక వీధికి ఆమె పేరు పెట్టింది. టాంపాలో ఒకరోజు మేయర్‌ను చేశారు. శాంటా క్లారా గౌరవ మేయర్‌ను చేసి, తన పేరును కూడా ఆ రెండు రోజులకు "స్విఫ్టీ క్లారా" చేసుకుంది. 2024 జూలైలో జర్మనీలోని గెల్సెన్‌కిర్షెన్ ఊరి బోర్డుల మీద "స్విఫ్ట్‌కిర్షెన్" అని రాయించారు. ఆ చివరిది ఒక అభిమాని పెట్టిన అర్జీతో మొదలైందట. "చూసినవా మామా, గక్కడ మేయర్ ఒప్పుకుంది" అని పిల్ల ఆ లైను కింద రెండుసార్లు గీత గీసింది.

నేను ఈ అర్జీకి మద్దతు ఇస్తున్నాను. ఇది చదివి నా పాత స్నేహితులు ఫోన్ చేసి తిడతారని తెలుసు. కానీ పిల్ల రాసిన పద్ధతిలో కాదు, ఇంకో పద్ధతిలో. ఆ ఇంకో పద్ధతి ఏమిటో చెప్పడానికే ఈ బారెడు రాత.

ముందు తాళంచెవి సంగతి తేల్చేస్తాను. ఐరోపాలో ఒకప్పుడు ఊరి చుట్టూ గోడ ఉండేది, రాత్రి కాగానే తలుపు వేసేవాళ్లు. తాళంచెవి ఒకడి చేతిలో పెట్టడం అంటే, ఎప్పుడైనా రా, పో, నిన్ను నమ్ముతున్నాం అనడం. లండన్‌లో "నగర స్వేచ్ఛ" అనే గౌరవం 1237 నుంచి రికార్డుల్లో ఉంది. అది పొందినవాళ్లకు లండన్ బ్రిడ్జి మీదుగా సుంకం లేకుండా గొర్రెలు తోలుకుపోయే హక్కు ఉండేదంటారు. ఇప్పటికీ ఏడాదికోసారి సరదాకు తోలుతారు. ఇది మన కురుమల మల్లన్న వింటే సంతోషిస్తాడు.

మనకూ కోట ఉంది. మట్టికోట, రాతికోట, నాలుగు దిక్కులా దర్వాజాలు. కానీ ఈ ఊరి గుర్తుగా ప్రతి శాలువా మీద, ప్రతి మెమెంటో మీద, చివరికి రాష్ట్ర చిహ్నంలో కూడా మనం వేసుకున్న బొమ్మ ఏది? కాకతీయ కళాతోరణం. పోయి ఒకసారి దగ్గరగా చూడండి. రెండేసి జతల స్తంభాలు, పైన అడ్డరాయి, కొసన హంసలు. తలుపు లేదు. అసలు తలుపు పెట్టే ఉద్దేశమే ఉన్నట్టు కనిపించదు. పొద్దున ఆరింటికి పోతే కోట ఊరివాళ్ల మేకలు దాని వైపు చూడకుండా కంచె పక్కనుంచి పోతుంటాయి. తలుపులేని ద్వారాన్ని గుర్తుగా పెట్టుకున్న ఊరు తాళంచెవి ఎక్కడి నుంచి తెస్తుంది, బిడ్డా? పిల్ల కొంచెంసేపు ఆలోచించి తాళంచెవి కొట్టేసింది.

ఇంతకీ పేరున్నవాడు రాగానే ఊరు ఇంత హడావిడి పడడం చిన్నతనం కాదా? మా వీధి చివర రిటైర్డ్ తెలుగు సార్ ఉంటారు. విషయం తెలిసి ఆయన అన్న మొదటి మాట అదే. "ఆత్మగౌరవం కోసం కొట్లాడిన గడ్డరా ఇది" అన్నారు. కాదనను. కానీ గెల్సెన్‌కిర్షెన్ ఎలాంటి ఊరో ఆయనకు చెప్పాను. అది మన గోదావరిఖని లాంటి బొగ్గు ఊరు. గనులు మూతపడ్డాయి, ఉక్కు పోయింది, జర్మనీలో బాగా వెనకబడిన పట్టణాల లెక్క తీస్తే దాని పేరు ముందే వస్తుంది. వాళ్లకు ఆ బోర్డు మార్చడంలో ఉన్నది స్విఫ్ట్ భక్తి ఒక్కటే అనుకోను. ఇన్నేళ్ల తర్వాత మా ఊరి పేరు ఏదో మంచికి పేపర్లో వచ్చింది అన్న సంబరం అది. మనకు ఆ సంబరం అర్థం కాదా? 1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు పోయింది. సైరన్ పోయింది. మిల్లు లేకపోయినా మిల్స్ కాలనీ అని పోలీస్ స్టేషన్ మాత్రం మిగిలింది. మమ్మల్ని కూడా ఒకసారి చూడండి అని ఒక ఊరు అడగడంలో తప్పేం లేదు. అడిగే తీరులోనే ఉంది అంతా.

ఎ.ఆర్.రెహమాన్ పేరు 2013లో కెనడాలోని మార్కమ్‌లో ఒక వీధికి పెడితే మనం మురిసిపోయాం కదా. అప్పుడు మార్కమ్ వాళ్ల ఆత్మగౌరవం ఏమైందని మనలో ఒక్కరమూ అడగలేదు. సార్ దీనికి "అది వేరు" అన్నారు. ఎందుకు వేరో చెప్పలేదు.

అర్జీలో రెండు పేజీల బయోడేటా చూసినప్పుడు నాకు చిరాకేసింది. అన్ని కోట్లమంది విన్నారు కాబట్టి సన్మానం చేద్దాం అంటే, దానికి వరంగలే ఎందుకు? ఏ ఊరైనా చేయొచ్చు. ఆయనకు ఆ శాలువా నూటపదహారో శాలువా అవుతుంది. గొప్పవాడని సన్మానం చేస్తే మనం ఆ గొప్పకు చప్పట్లు కొట్టే గుంపులో ఒకరం, అంతే. సన్మానానికి సంబంధం ఉండాలి. పెళ్లి కార్డు పంచేటప్పుడు మనం ఎవరు పెద్ద ఆఫీసరో చూడం, ముందు వరస చూస్తాం.

మరి మనకూ ఆయనకూ వరస ఏమైనా కలుస్తుందా? కలుస్తుందని పిల్లే చెప్పింది, చెప్తున్నట్టు తెలియకుండానే.

షీరన్ పెరిగింది ఇంగ్లండ్‌లో సఫోక్ అనే జిల్లాలో ఫ్రామ్లింగ్‌హామ్ అనే చిన్న ఊళ్లో. ఆ ఊళ్లో ఒక పాత రాతికోట ఉంది. చుట్టుగోడ, దానికి 13 బురుజులు. 2017లో ఆయన పాడిన "క్యాజిల్ ఆన్ ది హిల్" ఆ కోట గురించే, ఆ ఊళ్లో తిరిగిన పోరగాళ్ల గురించే. పైకొచ్చాక ఊరిని మరిచిపోయిన మనిషి కూడా కాదు. పక్కనే ఉన్న ఇప్స్‌విచ్ ఫుట్‌బాల్ టీమ్ కింది డివిజన్లో కష్టాల్లో ఉన్నప్పుడు, 2021లో దాని చొక్కాలకు స్పాన్సర్ అయ్యాడు. ఆ కోట ఇప్పుడున్న రూపంలో లేచింది 12వ శతాబ్దం చివర. మన గణపతిదేవుడు గద్దెనెక్కింది 1199లో. ఆయన మొదలుపెట్టిన రాతికోటను కూతురు రుద్రమ పూర్తి చేసింది. అంటే అక్కడ ఫ్రామ్లింగ్‌హామ్‌లో తాపీవాళ్లు పని ముగించుకుని చేతులు కడుక్కునే రోజులకు, ఇక్కడ మనవాళ్లు ఉలి పట్టుకునే రోజులకు మధ్య దూరం ఒక తరమే. మా కోటకు 45 బురుజులు, మీ కోటకు 13, రా చూద్దువుగాని అనడానికి అంతకంటే మంచి సాకు దొరకదు.

రెండోది ఇంకా బాగుంటుంది. అదే 2025 ఫిబ్రవరి టూర్లో, 9వ తేదీ పొద్దున, ఆయన బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో ఫుట్‌పాత్ మీద గిటార్ పట్టుకుని పాడుతుంటే పోలీసాయన వచ్చి వైరు పీకేశాడు. ఆ వీడియో మీరు చూసే ఉంటారు. మన దేశంలో ఆయనకు జరిగిన పౌర సన్మానం ప్రస్తుతానికి అదొక్కటే అని మా బావ జోకు. ఆ సాయంత్రం అదే ఊళ్లో కచేరీలో గాయని శిల్పారావును పక్కన నిలబెట్టుకుని "దేవర" సినిమాలోని "చుట్టమల్లే" పాట అందుకున్నాడు. తెలుగులో. పొద్దున వైరు పీకించుకున్న మనిషి సాయంత్రం చుట్టమల్లే అని పాడాడంటే, ఆ మాటకు అర్థం ఆయనకు ఎవరైనా చెప్పారో లేదో గాని, మనకు తెలుసు కదా.

అందుకే నేను పిల్లకు చెప్పాను. బయోడేటా రెండు పేజీలూ తీసెయ్. ఈ రెండు ముచ్చట్లు మాత్రమే రాయి. గౌరవ మేయర్ వద్దు, మనకు ఉన్న మేయర్లు చాలు. వీధి పేరు వద్దు. బిరుదు పేరు "నగర చుట్టం" అని పెట్టు.

ఇక్కడే తెలుగు సార్ అసలు బాణం వేశారు. "బలగం సినిమా చివర పాడి అందరినీ ఏడిపించిన మొగిలయ్య ఎవడు? మన దుగ్గొండోడే గద. కిడ్నీలు చెడి, దవాఖానల చుట్టూ తిరిగి, 2024 డిసెంబర్ల ఈ వరంగల్లనే పోయిండు. కిన్నెర మొగులయ్యకు పద్మశ్రీ వచ్చినంక గూడ కూలికి పోయిండని పేపర్ల చూసినం. మనోళ్లను ఇట్ల చేసి, గోదావరి అవతల, సముద్రం అవతల ఉన్నోనికి శాలువానా?"

ఈ మాటకు వెంటనే జవాబు దొరకలేదు. రాత్రంతా ఆలోచించాను. ఆలోచిస్తుంటే నేను కళ్లారా చూసిన ఒక సభ గుర్తొచ్చింది.

కొన్నేళ్ల కింద, మా దగ్గరి ఒక పట్టణంలో, ఒక సంఘం వాళ్లు జానపద కళాకారులకు సన్మానం పెట్టారు. నేను ప్రేక్షకుల్లో మూడో వరసలో ఉన్నాను. ఒగ్గు కథ చెప్పే ఒక పెద్దమనిషి, డెబ్బై దాటి ఉంటాడు, పదింటికే వచ్చి స్టేజీ మీద చివరి కుర్చీలో కూర్చున్నాడు. ముఖ్య అతిథి ఒంటిగంటకు వచ్చారు. ఆ మూడు గంటలు ఆ ముసలాయన నీళ్లకు కూడా లేవలేదు, లేస్తే కుర్చీ పోతుందని. ఒంటిగంటంబావుకు పేరు పిలిచారు, తప్పుగా పిలిచారు. శాలువా భుజం మీద పడీ పడకముందే ఫోటోగ్రాఫర్ "సార్ ఇటు, సార్ ఇటు" అని అతిథిని తిప్పాడు. ఫోటోలో ముసలాయన వీపు పడింది. దిగి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుని గాజు మెమెంటోను తిప్పి తిప్పి చూశాడు. దాని మీద స్టిక్కర్ ఒక మూల లేచింది, దాని కింద వేరేవాళ్ల పేరు కనిపిస్తోంది. ఆయన ఆ మూలను బొటనవేలితో మెల్లగా అతికించి, నా వైపు చూసి, "బస్ కిరాయి ఏమన్న ఇస్తరా సారు, నీకు ఎరుకనా?" అని అడిగాడు.

ఇంకో దృశ్యం మీ అందరికీ తెలిసిందే. 2025 మే 14న మిస్ వరల్డ్ పోటీదారులు వరంగల్, రామప్ప వచ్చారు. రామప్ప దగ్గర వాళ్లను వరసగా కూర్చోబెట్టి మన ఆడవాళ్లు కాళ్ల మీద నీళ్లు పోశారు, కొందరివి తుడిచారు కూడా. ఆ వీడియో దేశమంతా తిరిగింది. మన ఆచారం అన్నవాళ్లు కొందరు, మనకు అవమానం అన్నవాళ్లు కొందరు. టీవీల్లో రెండు రోజులు అరుచుకున్నారు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది. మనం తారుమారు చేశాం. ఇంటి మనిషికి కావలసింది శాలువా కాదు. దవాఖాన బిల్లు, నెల నెలా ఆగకుండా వచ్చే పింఛను, కథ చెప్పుకోవడానికి చోటు, బస్ కిరాయి. శాలువా చుట్టానికి ఇచ్చేది, వచ్చి పోయేవాళ్లకు ఇచ్చేది. మనం ఒగ్గు పెద్దమనిషికి శాలువా కప్పి చుట్టంలాగా సాగనంపుతాం. నిజంగా చుట్టం వస్తే కాళ్ల దగ్గర కూర్చుంటాం. సార్ అడిగింది సరైన ప్రశ్నే, కానీ దానికి జవాబు షీరన్‌ను పిలవకపోవడంలో లేదు. ఆయనను పిలవనంత మాత్రాన మొగిలయ్య లాంటివాళ్ల దవాఖాన బిల్లు కట్టే డబ్బు ఎక్కడా మిగలదు. "ముందు మనోళ్లకు" అనే మాట నేను ముప్పై ఏళ్లుగా వింటున్నాను. అది అన్న చాలామంది తర్వాత మనోళ్లకూ ఏమీ చేయలేదు. సార్ అలాంటివారు కాదు, ఆయన పింఛనులోంచి ఎవరికి ఎంత పోతుందో నాకు తెలుసు, కానీ మాట మాత్రం అదే.

కాళ్లు కడగడం మన ఆచారమా కాదా అన్నదానికి మా అమ్మ దగ్గర తేలికైన జవాబు ఉంది. మా చిన్నప్పటి ఇంట్లో వాకిట్లో గోలెం ఉండేది. చుట్టం రాగానే అమ్మ చెంబు ముంచి చేతికిచ్చేది. "కాళ్లకు నీళ్లు" అనేది, అంతే. చుట్టం తన కాళ్లు తనే కడుక్కుని చెంబు బోర్లించి గడప ఎక్కేవాడు. పెళ్లిలో అల్లుడి కాళ్లు కడుగుతారు, అది ఒక్కరోజు, అదీ ఆయనను దేవుడనుకుని. మిగతా అందరికీ చెంబు చేతికే. మా అమ్మ కలెక్టర్ వచ్చినా అలాగే ఇచ్చేదని నా నమ్మకం. ఇవ్వడంలో ఆమె ఎప్పుడూ వంగలేదు, గోలెం దగ్గర తప్ప.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. తాళంచెవికి బదులు పెంబర్తి ఇత్తడి చెంబు. హైదరాబాద్ నుంచి వచ్చే దారిలోనే పెంబర్తి, జనగామ దాటకముందే. ఆ పనితనం ఆ ఊరిదే అని చెప్పే జీఐ గుర్తింపు కూడా దానికి 2010 నుంచి ఉంది. కావాలంటే ఆయనే దిగి, రేకు మీద సుత్తి దెబ్బ ఎలా పడుతుందో చూసి, తన చెంబు తనే తెచ్చుకోవచ్చు. బిరుదు పత్రం చేర్యాల బొమ్మలవాళ్లు గుడ్డ మీద గీయాలి, ఫ్రామ్లింగ్‌హామ్ కోట ఒక పక్క, మన తోరణం ఒక పక్క. శాలువా వద్దు, నల్ల గొంగడి. లండన్ బ్రిడ్జి మీద గొర్రెల ముచ్చట తెలిసిన దేశం మనిషికి గొంగడి విలువ తెలియకుండా పోదు. ఫిబ్రవరిలో కూడా మన ఎండకు ఆయన దాన్ని ఐదు నిమిషాలకంటే ఎక్కువ మోయలేడు, అది వేరే సంగతి.

స్టేజీ మీద ముగ్గురు చాలు. నలభై మంది ఎక్కితే అది సన్మానం కాదు, గ్రూప్ ఫోటో. చెంబు ఇచ్చేది ఒక పెంబర్తి కంచరి ఇల్లాలైతే బాగుంటుంది. నిలబడి ఇవ్వాలి, ఆయన నిలబడి తీసుకోవాలి. తర్వాత అరగంట చాప మీద కూర్చుని ఒగ్గు కథ వినాలి. కథ చెప్పినవాళ్లకు ఆయన ఇచ్చే సంభావన ఆయన ఇష్టం, కార్పొరేషన్ ఇచ్చేది మాత్రం ముందే చెప్పి, అదే రోజు చేతిలో పెట్టాలి.

ఇక జనం. ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. 2025 జూన్ 4న బెంగళూరులో క్రికెట్ కప్పు గెలిచిన జట్టుకు సన్మానం పెట్టిన రోజు స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. సన్మానమంటే జనం రావాల్సిందే అనే ఆలోచనే ప్రాణాలు తీసింది. అందుకని గ్రౌండ్ వద్దు, ర్యాలీ వద్దు, ఫ్లెక్సీలు అసలే వద్దు. కోటలో స్టేజీ వేయడం కూడా వద్దు, అక్కడ రాళ్లకు మన మైకులు అక్కరలేదు. పొద్దున కోట చూపించి, హన్మకొండలో 2024 నవంబర్లో తెరిచిన కాళోజీ కళాక్షేత్రంలో, లాటరీ తీసి ఎంతమంది పడితే అంతమందిని కూర్చోబెట్టాలి. లాటరీలో తన పేరు రాకపోతే ఎట్లా అని పిల్లకు అప్పుడే టెన్షన్ పట్టుకుంది. అర్జీ పెట్టినవాళ్లకు ఒక సీటు రిజర్వ్ అని రాయమని అడిగింది. రాయలేదు.

ఆయన రాకపోవచ్చు. మన ఉత్తరం ఆయన దాకా పోకపోనూ వచ్చు. కౌన్సిల్‌లో ఈ అంశం పెడితే మొదటి పది నిమిషాలు నవ్వుకుని, తర్వాతి పది నిమిషాలు నాలాల మీద పోట్లాడుకుంటారు. పోట్లాడుకోనివ్వండి. 2023 జూలైలో కాలనీలు మునిగిన ఊరు అది మరిచిపోకూడదు. కానీ తీర్మానంగా రాసి పెట్టుకుంటే, ఆయన కాకపోతే ఇంకొకరు వస్తారు. ఎవరు వచ్చినా, వరస ఏమి కలిసింది అని అడిగి, చెంబు చేతికిచ్చే ఒక పద్ధతి ఈ ఊరికి ఉంటుంది. కాళ్లు తుడిచే అవసరం రాదు.

సాయంత్రానికి అర్జీ ఒక పేజీకి వచ్చింది. "బహూకరించుట గురించి" అలాగే ఉంచాను, ఆఫీసుల్లో ఆ మాట లేకపోతే కాగితం కదలదు. పిల్ల పైకి చదివి వినిపించింది. మంచంలో పడుకున్న అమ్మ అంతా విని, ఎవరీ పిలగాడు అని అడిగింది. ఫోన్‌లో ఫోటో చూపించాం. ఎర్ర జుట్టు చూసి కాసేపు ఆశ్చర్యపోయింది.

"చలిదేశపోడు గద. చెంబుల నీళ్లు గోరువెచ్చగ పోయాల్నా, చల్లటియే పోయాల్నా?" అంది.

పిల్ల పెన్ను తీసి, అర్జీ అంచున ఆ ప్రశ్న కూడా రాసుకుంది.